పదిమందిలో నలుగురు

ఆ సెలూన్‌లో మూడు కుర్చీలు. తలుపు దగ్గరది తమ్ముడిది. మధ్యది ఎవరిదీ కాదు, రద్దీగా ఉన్నప్పుడు ఎవరికి వీలైతే వాళ్ళు వాడతారు. కిటికీ పక్కది అక్కది. ఇరవై రెండేళ్ళుగా అక్కదే. ఆ కుర్చీలో గడ్డం గీయించుకోవడానికి రెండు వీధుల అవతల నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. తమ్ముడు ఖాళీగా కనిపిస్తున్నా సరే, "ఫరవాలేదు, అక్కకి తీరిక అయ్యేదాకా కూర్చుంటాం" అని పాత పత్రికలు తిరగేసేవాళ్ళు. అందరికీ ఆవిడ అక్కే. ఆవిడకన్నా పాతికేళ్ళు పెద్దవాళ్ళకీ అక్కే. ముక్కు మీద కోపం, చేతిలో కత్తి. ఈ రెండూ ఉన్న మనిషిని పేరుపెట్టి పిలిచే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి!

అలాంటి మనిషికి మెడలో నిమ్మకాయంత గడ్డ లేచింది. థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేయాలన్నారు. తీసింది కూడా పరాయివాడేం కాదు, ప్రతి శనివారం ఆవిడ కుర్చీలో మెడ చాపుకుని పడుకునే డాక్టరుగారే. "ఇన్నాళ్ళూ నా మెడ మీద మీరు కత్తి పెట్టారు, ఇప్పుడు నా వంతు" అని ఆయన నవ్వితే, "నా కత్తికి ఏనాడూ రక్తం అంటలేదు. మీ సంగతి మీరు చూసుకోండి" అని ఈవిడ జవాబు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ మంచిదేనన్నారు. మర్నాడు పొద్దున డాక్టరుగారు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నిలబడి మాట్లాడి వెళ్ళిపోయే డాక్టరు కూర్చున్నాడంటే ఏదో ఉందన్నమాటే.

"థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగు ఉంటాయమ్మా. పారాథైరాయిడ్ అంటాం. ఒంట్లో కాల్షియం ఎంత ఉండాలో చూసుకునేవి అవే. ఒకటి గడ్డకి అతుక్కుని వచ్చేసింది. దాన్ని ముక్కలు చేసి మెడ కండలోనే మళ్ళీ పెట్టాను. మిగతా మూడూ వాటి చోట్లోనే ఉన్నాయిగానీ దెబ్బతిన్నట్టున్నాయి. ఇవాళ మీ రక్తంలో వాటి హార్మోను దాదాపు లేదు."

"లేకపోతే ఏమవుతుంది?"

"తిమ్మిర్లు వస్తాయి, కండరాలు పట్టేస్తాయి. మాత్రలతో సర్దుకోవచ్చు. ఎక్కువమందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో అవి తేరుకుంటాయి. కొందరికి తేరుకోవు. ఇదివరకు ఆపరేషన్ అయినవాళ్ళ వివరాలన్నీ పెట్టి మేమొక పట్టిక వేసుకున్నాం. మొదటిరోజు హార్మోను ఎంతుంది, ఎన్ని గ్రంథులు మిగిలాయి, అవన్నీ చూసి చెప్తాం. మీలాంటి పదిమందిలో నలుగురికి ఇది శాశ్వతంగా ఉండిపోతుంది."

"నాలాంటివాళ్ళు పదిమంది ఉన్నారా? పాపం ఈ లోకం!" అంది అక్క, బొంగురు గొంతుతోనే.

డాక్టరు నవ్వాడు. మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ తమ్ముడు మాత్రం నవ్వలేదు. అంత పెద్ద వివరణలో అతని చెవిన పడ్డది ఒకే ఒక్క మాట, శాశ్వతం. మిగతాదంతా గాలికి పోయింది. తమ్ముడు చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. భయస్తుడు. భయస్తులు చేసే అన్యాయం చెడ్డవాళ్ళు చేసే అన్యాయంకన్నా మొండిది, ఎందుకంటే అది మన మంచికేనని వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్ముతారు.

మూడో వారానికి అక్క సెలూన్‌కి వచ్చేసింది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయంది. ఆ రోజు వరసగా ఆరుగురు. మధ్యాహ్నం వేసుకోవాల్సిన కాల్షియం మాత్రని "ఈయన అయిపోనీ", "ఈయన కూడా అయిపోనీ" అంటూ వాయిదా వేసింది. దానికి కారణం ఉంది. నురగ పూశాక మనిషిని సగంలో వదిలి కదలకూడదని వాళ్ళ నాన్న పెట్టిన నియమం. ఫోన్ మోగినా, పిడుగు పడినా, పెళ్ళాం వచ్చి పిలిచినా గడ్డం పూర్తయ్యాకే. పిల్లలిద్దరూ ఆ నియమంలోనే పెరిగారు. మాత్ర కోసం కూడా ఆగవచ్చని ఆవిడకి తోచనే లేదు.

ఆరో మనిషి కుర్చీలో ఉండగా పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది. పట్టించుకోలేదు. కాసేపటికి వేళ్ళ చివర్లు జివ్వుమన్నాయి. అదీ పట్టించుకోలేదు. ఆ తర్వాత కుడిచెయ్యి తనంతట తానే ముడుచుకుపోయింది. బొటనవేలు అరచేతిలోకి దూరింది, మిగతా వేళ్ళు కొంగముక్కులా బిగుసుకుని ఒకదానికొకటి అతుక్కున్నాయి. కత్తి నేల మీద ఠంగుమంది. కుర్చీలో మనిషి మొహం నురగ కింద ఏ రంగుకి తిరిగిందో తెలియదుగానీ, కళ్ళు మాత్రం ఇంతింతయ్యాయి.

తమ్ముడు పరుగెత్తుకొచ్చి ఆ గడ్డం తను పూర్తి చేశాడు. సాయంత్రం అక్క కత్తుల పెట్టె బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"నువ్వు ఫోన్ దగ్గర కూర్చో అక్కా. ఎవరు ఎప్పుడొస్తారో చూసుకుంటే చాలు."

"నా చేతులకి ఫోన్ అప్పగిస్తావురా?"

"మరేం చెయ్యమంటావ్? రేపు ఎవరి పీకైనా తెగితే నువ్వు జైలుకి, నేను వీధికి! డాక్టరే చెప్పాడుగా శాశ్వతమని."

"పదిమందిలో నలుగురికని చెప్పాడు. నేను ఆ నలుగురిలో ఉన్నానని నీకెవడు చెప్పాడు? ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పేరు పెట్టేస్తున్నావ్!"

"ఆరునెలలకి మళ్ళీ రక్తం చూస్తారటగా. తేరుకుంటే కుర్చీ నీది. లేదంటే అందులో ఇంకో మనిషిని పెట్టుకుంటాను. సరేనా?"

"సరే!" అంది అక్క.

కోపంలో అన్న మాట. కోపంలో "పో" అనాలి, "ఛీ" అనాలి, వీలైతే చెప్పు విసరాలి. అంతేగానీ ఒప్పందాలు కుదుర్చుకోకూడదు. ఈ సంగతి ఆవిడకి ఆరునెలల తర్వాత బోధపడింది.

అప్పటినుంచి ఫోన్ దగ్గర అక్క, కిటికీ పక్కన ఖాళీ కుర్చీ. ఆ కుర్చీ మీద ఎవరైనా సంచి పెడితే చాలు, ఒంటికాలి మీద లేచేది. "అది సంచులకి కాదు, మనుషులకి!"

ఊరికే కూర్చునే రకం కాదు కదా. వాళ్ళ నాన్న కత్తిపని నేర్పేటప్పుడు మనిషి మొహం జోలికి పోనిచ్చేవాడు కాదు. బెలూన్ ఊది, దానికి నురగ పూసి, కత్తితో ఆ నురగంతా తీయమనేవాడు. చెయ్యి రవ్వంత తడబడినా ఢామ్మని పేలి నురగంతా మొహాన పడేది. వరసగా వంద బెలూన్లు పేలకుండా గీస్తేనే మొదటి గడ్డం. అక్క ఇంట్లో ఉన్న నాన్న పాత కత్తి తెచ్చుకుంది. బెలూన్ల పొట్లం కొనుక్కుంది. రోజూ పొద్దున సెలూన్ తెరవగానే, మొదటి మనిషి రాకముందే, ఒక బెలూన్‌కి గడ్డం గీసేది. తమ్ముడు చూసీ చూడనట్టు నేల ఊడ్చుకునేవాడు.

చూసి ఆనందించినవాడు ఒకడున్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు. చేసే పనేమీ లేక సెలూన్ తెరిచేసరికి గుమ్మంలో ఉండేవాడు.

"పసుపుపచ్చాయనకి ఇవాళ గడ్డం బాగా మాసినట్టుంది అక్కా" అనేవాడు, నురగ పూసిన పసుపు బెలూన్‌ని చూసి.

"మీరు చెప్పండి మాస్టారూ. పదిమందిలో నలుగురంటే ఏంటర్థం? నాకు సగానికి కాస్త తక్కువ రోగం ఉన్నట్టా?"

"కాదు. ఉంటే నీకు పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలుండదు. ఆ నలుగురిలో ఉన్నావో ఆరుగురిలో ఉన్నావో పట్టికకి తెలీదు. పాపం, అది నిన్నెప్పుడూ చూళ్ళేదు. గుంపుని గురించి నిజమే చెప్తుంది. మనిషి గురించి అడిగితే నీళ్ళు నములుతుంది."

"విన్నావురా?" అని తమ్ముడి వైపు అరిచింది అక్క. తమ్ముడు చీపురుతో ఇంకాస్త గట్టిగా ఊడ్చాడు.

నలభై ఒకటో రోజున బెలూన్ పేలింది. ఆ పొద్దున పెదవి చుట్టూ చీమలు పాకడం మొదలైంది. కత్తి కింద పెట్టేయవచ్చు. పెట్టలేదు. ఏమవుతుందో చూద్దామని గడియారం చూసుకుంటూ ఒకదాని తర్వాత ఒకటి గీస్తూ పోయింది. నాలుగో బెలూన్‌తో చెయ్యి ముడుచుకుంది. పెదవి చెప్పాక సరిగ్గా ముప్ఫై అయిదు నిమిషాలకి. ఆ తర్వాత అలాంటి పొద్దులు మరో మూడొచ్చాయి. ఏనాడూ పెదవి చెప్పకుండా చెయ్యి ముడుచుకోలేదు. ఏనాడూ అరగంటకన్నా ముందు ముడుచుకోలేదు. పెదవి చెప్పగానే కత్తి వదిలేసి మాత్ర నమిలిన రోజున అసలు ముడుచుకోనే లేదు.

"చూశావా, పేలింది" అన్నాడు తమ్ముడు, నేల మీద నురగ తుడుస్తూ.

"పేలిందయ్యా. అందుకే పేలని మిగతావాటిని నమ్ముతున్నాను" అన్నాడు మాస్టారు.

ఆరునెలలు నిండాయి. తమ్ముడూ అక్కా కలిసి ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరుగారు ఆవిడ చేతికి బీపీ పట్టీ కట్టి, గట్టిగా బిగించి, మూడు నిమిషాలు అలాగే ఉంచారు. కాల్షియం తక్కువుంటే ఆ బిగువుకి చెయ్యి ముడుచుకుపోతుందట. ముడుచుకోలేదు. అక్క ఊపిరి బిగబట్టి తన వేళ్ళనే చూస్తూ కూర్చుంది. ఆశ చాలా చెడ్డది. ఆ మూడు నిమిషాల్లో ఆవిడ మనసులో కుర్చీకి కొత్త తోలు కూడా వేయించేసింది.

డాక్టరు రక్తం కాగితం తిప్పి చూపించాడు. "మాత్రలతో కాల్షియం బాగానే నిలబడుతోంది. కానీ హార్మోను అప్పుడెంతో ఇప్పుడూ అంతే. కొందరు డాక్టర్లు ఏడాదిదాకా ఆగమంటారు. మీకు అబద్ధం చెప్పి తప్పించుకోను. ఇంత తక్కువగా ఉంటే తేరుకుంటుందన్న ఆశ బాగా తక్కువ. జీవితాంతం మాత్రలు వాడాల్సి రావచ్చు."

"అయితే నేను ఆ నలుగురిలోనే ఉన్నానన్నమాట."

"ఉన్నారమ్మా."

బయట బస్సులో కూర్చున్నాక ఏడ్చింది. ఏడవదా మరి! ఆరునెలలపాటు ఆరుగురి పక్కన నిలబడి పోట్లాడింది, తీరా చూస్తే వాళ్ళు తనవాళ్ళు కారు. ఒంట్లో బియ్యపు గింజలంత లేవు, వాటి పొగరు చూడు! తమ్ముడు రుమాలు ఇచ్చాడు. రెండు స్టాపులు దాటాయి. ఆ తర్వాత మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, నేనొక మనిషితో మాట్లాడాను. మంచి పనివాడు. సోమవారం వస్తానన్నాడు."

ఏడుపు టక్కున ఆగింది.

"ఒరేయ్. ఆరునెలలూ ఏమవుతుందో తెలీదు కాబట్టి వద్దన్నావ్. ఇవాళ తెలిసింది కాబట్టి వద్దంటున్నావ్. మరి ఏ రోజున ఇద్దామనుకున్నావురా?"

"నువ్వే కదా సరేనన్నావ్! మాటిచ్చావ్!"

"ఇచ్చాను. అడగాల్సింది నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. గ్రంథులు తేరుకుంటాయా లేదా అని పందెం కట్టుకున్నాం. గడ్డం గీసేది గ్రంథులతోనా? చేత్తో! చెయ్యి నిలకడగా ఉంటుందా అని ఎవడైనా అడిగాడా?"

"మాట మార్చినంత మాత్రాన రోగం పోతుందా?"

"రోగం పోదు. దాంతో పడి ఉండేది నేను, నువ్వు కాదు. కుర్చీ కూడా పోదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఏం చేసుకుంటావో చేసుకో." బస్సులో సగంమంది వెనక్కి తిరిగి చూశారు. చూడనీ అనుకుంది అక్క.

శనివారం డాక్టరుగారు మామూలుగా వచ్చారు. ఆరునెలల అలవాటుగా తమ్ముడి కుర్చీవైపు నడిచారు. అక్క గిన్నెలో నురగ కలుపుతూ కిటికీ పక్క కుర్చీ వెనకాల నిలబడి ఉంది. ఆ పొద్దున బీరువా తాళం తెమ్మని మరదలికి ఫోన్ చేసింది. "ఇస్తే ఈయన తిడతారు వదినా" అంటే, "వాడు తిడితే నాకు చెప్పు, తిట్లు నేనే నేర్పాను వాడికి" అంది. తాళం వచ్చింది. కత్తి పదునుగా ఉంది.

"డాక్టరుగారూ, ఇటు."

తమ్ముడి చేతిలో దువ్వెన ఆగిపోయింది. మాస్టారు పత్రిక మూసేశాడు. డాక్టరు రెండు కుర్చీల మధ్య నిలబడిపోయి, అటూ ఇటూ చూశాడు.

"అమ్మా, మొన్ననే కదా చెప్పాను. ఇది శాశ్వతమైతే…"

"చెప్పారు. ఒప్పుకున్నాను. మీ పట్టిక గెలిచింది. కానీ నేను ఏ పనీ చెయ్యకూడదని చెప్పారా?"

"అలా చెప్పలేదు. కాల్షియం నిలకడగా ఉంటే చెయ్యొచ్చు. కానీ గ్యారంటీ అంటే…"

"గ్యారంటీ ఎవరడిగారండీ? నా మెడ కోసేరోజున మీరు నాకిచ్చారా గ్యారంటీ? ఇది పోవచ్చు, అది పోవచ్చు, గొంతు పోవచ్చు, ప్రాణం పోవచ్చు అని పెద్ద కాగితం నా చేతికిచ్చి కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. కళ్ళు మూసుకుని మెడ మీ చేతుల్లో పెట్టాను. నాకు జరగాల్సిన నష్టం జరిగింది. అయినా మిమ్మల్ని ఎవరైనా కత్తి కింద పెట్టమన్నారా? సోమవారం మళ్ళీ ఆపరేషన్ గదిలోకి వెళ్ళారా లేదా?"

డాక్టరు మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో, రెండూనో.

"అక్కా, పెద్దమనిషిని పట్టుకుని ఏంటా మాటలు!" అన్నాడు తమ్ముడు.

"నువ్వాగు. ఆయన తప్పు చేశాడనట్లేదు నేను. అంత జాగ్రత్తపడ్డా అలా అవుతుందని ఆయనే చెప్పాడు. అయినా పని మానలేదు. మంచిదే. నేనూ మానను. డాక్టరుగారూ, నాకేమవుతుందో ఆరునెలల ముందు మీ పట్టిక చెప్పింది. అరగంట ముందు నా పెదవి చెప్తుంది. గడ్డం గీయడానికి పది నిమిషాలు చాలు. మీకేది కావాలో చూసుకోండి."

బయట ఎవరిదో సైకిల్ బెల్లు మోగింది. డాక్టరు కోటు విప్పి మేకుకి తగిలించాడు. వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చాడు. కళ్ళు మాత్రం తెరిచే ఉంచాడు. అంతవరకు ఆయన్నేమీ అనలేం.

అక్క నురగ పూసింది. కుడిచెంప మీద మొదటి గీత గీసింది. ఆరునెలల తర్వాత నిజమైన చర్మం, నిజమైన గరుకు. ఏ బెలూన్‌కీ గడ్డం ఉండదు కదా! చెయ్యి తన పని తను గుర్తుపట్టింది. కుడిచెంప అయింది. దవడ కింద అయింది. మెడ మీద కుడివైపు అయింది.

ఎడమచెంప మొదలుపెట్టబోతుండగా పెదవి చుట్టూ చీమలు పాకాయి.

ఇంతకన్నా చెడ్డ ముహూర్తం ఇంకోటి ఉంటుందా! అబద్ధం ఎందుకు, ఒక్క క్షణం ఆవిడకి బుద్ధి తప్పింది. అరగంట టైముంది, మిగిలింది అయిదు నిమిషాల పని. ఎవరికీ తెలీదు. గీసేస్తే గెలిచేస్తుంది. తమ్ముడు తన చేతివైపే చూస్తున్నాడు. ఈ ఒక్కసారికి ఏమవుతుంది?

అక్క కత్తి మడిచి బల్ల మీద పెట్టింది.

"పెదవి చెప్పింది డాక్టరుగారూ. ఒక పావుగంట ఆగాలి." జేబులోంచి కాల్షియం మాత్ర తీసి, అందరి ముందూ కరకర నమిలి, నీళ్ళు తాగింది.

తమ్ముడి మొహంలో సంతోషం లేదు, అది ఒప్పుకోవాలి. దిగులుంది. "నేను చెప్తూనే ఉన్నాను" అంటూ తన కత్తి తీసుకుని వచ్చాడు. "క్షమించండి సార్. సగంలో ఉన్నారు. రెండు నిమిషాల్లో నేను పూర్తి చేసేస్తాను."

డాక్టరు చెయ్యెత్తి అతన్ని ఆపాడు. ఎడమచెంప నిండా తెల్లటి నురగ, కుడిచెంప నున్నగా మెరుస్తోంది.

"వద్దు. ఆగుతాను."

"పావుగంటండీ!"

"ఆగుతానన్నానుగా." అక్క వైపు తిరిగాడు. "ఇందాక నా మీద కేకలేశారు చూడండి, అప్పుడు ఊపిరి వేగం పెరిగింది. అలా పెరిగినా ఒంట్లో కాల్షియం అందదు, తిమ్మిరి వస్తుంది. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. కోపం కాస్త తగ్గించుకోండి."

"అది కూడా శాశ్వతమేనండీ" అంది అక్క. మాస్టారు పత్రిక వెనకాల కిసుక్కుమన్నాడు.

పావుగంట గడిచింది. నురగ చెంప మీద ఎండి పొలుసులు కట్టింది. ఈ మధ్యలో ఇద్దరు మనుషులు లోపలికి వచ్చారు. సగం మొహంతో కూర్చున్న డాక్టరుగారిని చూసి ఏమైందో అడగబోయారు. మాస్టారు నోటి మీద వేలు పెట్టి వాళ్ళని కూర్చోబెట్టాడు. తమ్ముడు తన కుర్చీ ముందు నిలబడి, ఎవరినీ పిలవకుండా, గడియారం వైపూ అక్క వేళ్ళవైపూ మార్చి మార్చి చూశాడు. వేళ్ళు ముడుచుకోలేదు. పెదవి మీద చీమలు ఒక్కొక్కటే దిగిపోయాయి. అక్క ఇంకో అయిదు నిమిషాలు కావాలని ఆగింది. ఆ తర్వాత ఎండిన నురగ తడిగుడ్డతో తుడిచి, కొత్తగా కలిపి, పూసి, కత్తి తెరిచింది. డాక్టరు ఈసారి కళ్ళు మూసుకున్నాడు.

ఎడమచెంప, గడ్డం, పైపెదవి, మెడ. ఒక్క చుక్క రక్తం లేదు. ఆయన లేచి అద్దంలో చూసుకుని, రెండు చెంపలూ తడుముకుని, కోటు తొడుక్కుని, "వచ్చే శనివారం ఇదే వేళకి" అని చెప్పి వెళ్ళిపోయాడు. వచ్చిన ఇద్దరిలో పెద్దాయన తలుపు దగ్గరి కుర్చీవైపు చూశాడు, కిటికీవైపు చూశాడు. "ఫరవాలేదు, అక్క దగ్గరే కూర్చుంటాను" అన్నాడు.

అక్క తువ్వాలు దులిపి, కుర్చీ తుడిచి, ఆయన్ని కూర్చోబెట్టింది. చేతులు కడుక్కుంటూ తమ్ముడి వైపు తిరిగింది.

"సోమవారం వస్తానన్నవాడికి ఫోన్ చెయ్యి."

"ఏమని చెప్పమంటావ్?"

"కుర్చీ ఖాళీ లేదని చెప్పు."